నిలబెట్టిన రాయి

"పెట్టింది పెట్టినట్లే ఉండాది చూడు," అని అంజనమ్మ గిన్నె తెచ్చి కోడలి ముందు పెట్టింది. "సంగటి ముద్ద కొస కూడా తుంచలేదు. మీ మామ కంచం ముందర నుంచి లేచిపోవడం నా కాపురంలో ఇదే చూడడం."

ప్రతిమ గిన్నె వైపు చూడలేదు. ఒళ్ళో ల్యాప్‌టాప్ పెట్టుకుని వంటింటి గడప పక్కన గోడకు ఆనుకుని కూర్చుంది. తెల్లవారి చాలాసేపయినా ఇంకా తల దువ్వుకోలేదు.

"నేనేమన్నానత్తా? అడిగినా. అంతే కదా."

"ఏమని అడిగినావు?"

ప్రతిమ మీటల మీద వేళ్ళు ఆడించింది.

"రాయి జరిపినారా మామా అని అడిగినావు. ఇంకేమడిగినా ఆయప్ప నవ్వి ఊరుకునేవాడు. కోడలంటే ఆయనకెంత గొప్పో ఊరంతా ఎరుగుదురు. ఆ మాట ఏంటికడిగినావు తల్లీ, అదీ కంచం ముందర?"

అంజనమ్మ గొంతులో కోపం లేదు. కోపమే అయితే ప్రతిమ ఏదో ఒకటి బదులు చెప్పేది. అత్త గొంతులో ఉన్నది దిగులు. ప్రతిమ తెర వైపు తల దించుకుంది.

పరగోడు ఊర్లో మనిషిని తాగుబోతు అనవచ్చు, సోమరి అనవచ్చు, పెళ్ళాం చాటు మొగుడని ఎదురుగానే నవ్వవచ్చు. గట్టు జరిపినవాడు అని మాత్రం అనకూడదు. ఆ పేరు పడ్డ ఇంటితో వియ్యమందడానికి జనం వెనకాడతారు. ఇక ప్రతిమ మామ వెంకటరమణప్ప సంగతి చెప్పేదేముంది. వానకు గట్టు తెగినా, ట్రాక్టరు తగిలి సరిహద్దు రాయి పడినా ఊరు ఊరంతా పిలుచుకుపోయేది ఆయన్నే. ఆయన వచ్చి, చెప్పులు విడిచి, అటూ ఇటూ కన్ను సారించి రాయి నిలబెడితే ఇక దానిమీద తగవు లేదు. అలాంటి మనిషిని పట్టుకుని సొంత కోడలు ఆ మాట అడిగింది.

అడగక తప్పింది కాదు. కొండ కింద రెండు సొరంగాలు ఒకదాన్నొకటి తప్పిపోబోతున్నాయి మరి.

చింతామణి వైపు చెరువులకు నీళ్ళు పారించడానికి ఆ కొండను రెండు పక్కల నుంచీ తొలుస్తున్నారు. పరగోడు వైపు సర్వే ప్రతిమది. ఆవలి వైపు సర్వే ఆమె తమ్ముడు కిశోర్‌ది. ఇద్దరిదీ ఒకే కంపెనీ. "కొండ లోపల నా బిడ్డలిద్దరూ ఎదురుపడతారు," అని వాళ్ళమ్మ శశికళ చింతామణి మార్కెట్లో టమాటాలు బేరమాడుతూ కూడా చెప్పుకుంటుంది.

సాఫ్ట్‌వేర్ తెరమీద కొండ కనిపించదు. నల్లటి ఖాళీలో రెండు గొట్టాలు, అంతే. పరగోడు వైపు నుంచి నీలం గొట్టం, చింతామణి వైపు నుంచి పసుపు గొట్టం. రెండూ ఎదురెదురుగా వచ్చి మూతులు కలుపుకోవాలి. కలుపుకోవని గత వారమే తేలింది. మూరెడు ఎడంతో పక్కపక్కన దాటిపోతాయి. తప్పు కిశోర్‌దేనని మేనేజరు లోకేశ్ అప్పుడే ఒక లెక్కకు వచ్చేశాడు. కుర్రవాడు, కొత్తవాడు, అతని మీద పెడితే ఎవరికీ నొప్పి లేదు. రేపు చిక్కబళ్ళాపూరు ఆఫీసులో మీటింగు. అక్కడ ఆ మాట అందరి ముందూ చెప్పి అతన్ని పంపించేస్తారు.

తప్పు పసుపు గొట్టంలో లేదని, తన నీలం గొట్టంలోనే ఉందని ప్రతిమకు నిన్న సాయంత్రం మళ్ళీ కొలిచి చూస్తే తెలిసింది. తెలిసిన అరగంటకే మామ కంచం ముందు నోరు జారింది.

* * *

రవీంద్ర బాగేపల్లి కాలేజీకి పోవలసినవాడు పోలేదు. చొక్కా తొడుక్కుని, బండి తాళం చేతిలో పట్టుకుని, నడవలో నిలబడ్డాడు. భార్యతో ఏదో చెప్పాలి, చెబితే ఏమవుతుందో తెలుసు. అలాంటప్పుడు అతను తాళం చెవిని వేలికి తిప్పుతూ ఉంటాడు.

"కిశోర్ ఫోన్ చేసినాడు," అన్నాడు చివరికి.

"నీకా?"

"ఊఁ."

"నాకు చెయ్యలేదే."

"నీకు చేస్తే ఒప్పుకోవని. నిన్నటి సంగతి నేనే చెప్పినా. తప్పు తనదే అని రేపు మీటింగులో చెప్పేస్తాడంట. నాయన పేరు రాకుండా పోతాది, నీ పేరూ రాదు. తనకేమీ బాధ లేదన్నాడు."

ప్రతిమ ల్యాప్‌టాప్ మూసింది. "దానికి నువ్వేమన్నావు?"

తాళం చెవి తిరగడం ఆగింది. రవీంద్ర గోడకున్న క్యాలెండర్ వైపు చూశాడు. చూడదగ్గ విశేషమేమీ అందులో లేదు.

"నువ్వేమన్నావు అని అడుగుతాండా."

"ఏమీ అనలేదు."

"వద్దని కూడా అనలేదా?"

"నాయన నిన్నటి నుంచి మంచినీళ్ళు తప్ప తాగలేదు ప్రతిమా. ఆయన వయసు చూడు. కిశోర్‌కు ఇంకో సైటు దొరుకుతాది. నాయనకు ఇంకో ఊరు యాడ దొరుకుతాది చెప్పు."

అతను చెప్పింది అబద్ధం కాదు. అందుకే ఆమెకు మరింత కడుపు మండింది. తమ్ముడు లేత మనసువాడు, అడగకపోయినా మెడ వంచుతాడు. వంచిన మెడ చూసి మొగుడు గమ్మునున్నాడు. ఆమె లేచి పెరట్లోకి పోయి కిశోర్‌కు ఫోన్ చేసింది.

"ఎవరు చెప్పమన్నార్రా నీకు?"

"ఎవరూ చెప్పలేదక్కా. నేనే అనుకున్నా."

"నీ కొలతలో తప్పు లేదు. నిన్న నేను చూసినా. ఇంచు కూడా పోలేదు."

"నాకు తెలుసక్కా."

"తెలిసి కూడా ఒప్పుకుంటావా?"

"మీ మామ మాట పడితే ఆ ఇంట్లో నువ్వు ఎట్లుంటావు? నాదేముండాది. ఇంకో పని చూసుకుంటా."

"కొండను వంకర తవ్విచ్చినోడని పేరు పెట్టుకుని యాడికి పోతావు? ఏ సైటోడు నీ చేతికి మిషను ఇస్తాడు?"

అవతల దూరంగా కంప్రెసర్ మోత వినబడుతోంది. అంత మోతలోనూ తమ్ముడు ముక్కు ఎగబీల్చిన చప్పుడు ఆమెకు తెలిసింది.

"అమ్మకు చెప్పినావా?" అంది మెల్లగా.

"ఇంకా లేదు."

"చెప్పొద్దు. రేపు నేను వచ్చేవరకూ నువ్వు నోరు తెరవొద్దు. ఒట్టు."

* * *

మధ్యాహ్నం ఎండ తగ్గాక ప్రతిమ ల్యాప్‌టాప్ సంచి భుజాన వేసుకుని చేనికి పోయింది. మామ అక్కడే ఉన్నాడు. కాలువ గట్టున, ఆ రాయి పక్కనే.

రాయి అని అంటారు గానీ అది కాంక్రీటు దిమ్మె. నడుమెత్తు ఉంటుంది, తలమీద ఇత్తడి మేకు. సొరంగం వాకిలికి ఎదురుగా, వెంకటరమణప్ప చేనులో పాతారు. ఈ మేకు మీద కొలత మిషను నిలిపి, అల్లంత దూరంలో ఉన్న రెండో రాయిని చూసుకుని, ఆ గీతను పట్టుకుని కొండ లోపలికి దారి తీయాలి. దిమ్మెకు సున్నం కొట్టి ఉంది. సున్నం మీద ఎర్రమన్ను పట్టెలు, పసుపు, కుంకుమ. దసరాకు పెట్టిన బంతిపూల దండ ఎండి, దారం మాత్రం మిగిలింది.

"రా అమ్మా," అన్నాడు వెంకటరమణప్ప. కూర్చోమనలేదు, పొమ్మనలేదు. ఆమె పక్కన గట్టుమీద కూర్చుంది.

"ఆయుధ పూజ నాడు డ్రైవర్లు, మెకానిక్కులు, అందరూ వాళ్ళ వాళ్ళ మిషన్లు కడుక్కుంటాండారు," అని ఆయనే మొదలుపెట్టాడు. "నువ్వు చింతామణికి పోయినావు. నీ రాయి చూస్తే వానకు నేల కుంగి కాలువ పక్కకు వాలి ఉండాది. పూజ చేసే వస్తువు వాలి ఉంటే బాగుంటాదా? దావన పోయేవాళ్ళు చూసి, వెంకటరమణప్ప చేన్లోనే రాయి వాలిందే అంటే నాకు మర్యాదా? గడ్డపార పెట్టి లేపినా. కింద సిమెంటు పోసినా. దారానికి గుండు కట్టి నిట్టనిలువు చూసుకున్నా. సున్నం కొట్టినా. నువ్వొచ్చి చూస్తే సంతోషపడతావనుకుంటి."

"సంతోషపడినా మామా. ఫోటో తీసి మా అమ్మకు పంపించినా."

ఆ మాట నిజం. పూజ చేసిన రాయి ఎంత ముద్దుగా ఉందో అని ఆనాడు మురిసిపోయింది. సున్నం కింద కొత్త సిమెంటు ఉంటుందని ఆమెకు తట్టలేదు.

"జరిపినోడు వేరే, నిలబెట్నోడు వేరే అమ్మా. నేను నిలబెట్నా."

"అవును మామా. మీరు నిలబెట్నారు. అడగడం నాకు చేత కాలేదు. లేపినప్పుడు మేకు తల యాడికి పోయింది?"

"దాని చోటికి అది పోయింది."

"దగ్గరికి పోయింది. నాలుగు వేళ్ళు ఇవతలికి వచ్చింది."

వెంకటరమణప్ప తన కుడి చేతి వేళ్ళు నాలుగూ దగ్గరికి చేర్చి చూసుకున్నాడు. "ఇంతేనా? దీనికి కొండ లోపల మూరెడు ఎట్లయితాది?"

"మడక మొదట్లో కొంచెం పక్కకు చూసిందనుకోండి. చేను కొసకు పోయేసరికి సాలు యాడికి పోతాది?"

"పక్కోడి చేన్లోకి," అన్నాడాయన వెంటనే. అని, తానన్న మాటకు తానే ఉలిక్కిపడినట్టు ఆగిపోయాడు.

మళ్ళీ ఆయనే అడిగాడు. "అంత పెద్ద కంప్యూటరుకు తెలియలేదా?"

"రాయి ఇక్కడుండాది అని దానికి చెప్పింది నేను. అది నమ్మింది. రోజూ రెండో రాయికి దూరం కొలిచింది. దూరం సరిపోయింది, పచ్చ గుర్తు పెట్టింది. రాయి పక్కకు జరిగితే దూరం మారదు మామా, దిక్కు మారుతాది." ఆమె గుట్ట వైపు చెయ్యి చూపించింది. "అదిగో, అక్కడ మూడో రాయి ఉండాది. వారానికొకసారి దాన్ని కూడా చూసి సరిచూసుకోవాలని మా నియమం. నేను చూడలేదు. రాయి మన చేన్లో ఉండాది, మామ కన్ను దానిమీద ఉండాది, దానికేమైతాది అనుకున్నా. కిశోర్ వైపు రాయి ఊరికి దూరం, వాడు వారం వారం చూసుకున్నాడు."

వెంకటరమణప్ప తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. తుడుచుకునేంత చెమట లేదు.

"నేను నిలబెడితే నాలుగు వేళ్ళు జరిగిందని రేపు నువ్వు చెప్తావు. ఎల్లుండి గోవిందప్ప వస్తాడు."

ప్రతిమకు అప్పుడు అర్థమైంది.

గోవిందప్పది పక్క చేనే. ఆమె కాపురానికి రాక ముందెప్పుడో కాలువ పొంగి రెండు చేల మధ్య గట్టు కొట్టుకుపోయింది. సరిహద్దు రాయి ఎక్కడో బురదలో దొరికింది. దాన్ని మళ్ళీ నిలబెట్టింది వెంకటరమణప్పే. తన చేనూ పక్కవాడి చేనూ కలిసేచోట తానే రాయి నిలబెట్టకూడదని గోవిందప్ప మొత్తుకున్నాడు. ఊరు వినలేదు. ఆయన నిలబెట్టాడంటే అయిపోయింది అన్నారు. నాటి నుంచి గోవిందప్ప ఈ ఇంటి ముందు నుంచి తల తిప్పుకుని పోతాడు. వెంకటరమణప్ప కన్ను ఒక్కచోట తప్పిందని తెలిస్తే అన్నిచోట్లా తప్పిందేమోనని ఊరు అడుగుతుంది. అందరికంటే ముందు అడిగేది గోవిందప్పే.

"నేను జరిపే మనిషిని కాదమ్మా," అన్నాడాయన.

"కాదు మామా."

"ఆ మాట నువ్వు నమ్ముతావు."

ఊరు సంగతి ఆయన అనలేదు, అనవలసిన పనీ లేదు. రేపు ఏం చెప్పమంటారని ఆమె అడగలేదు. ఏం చెప్పవద్దో ఆయన చెప్పలేదు. పొద్దు వాలాక ఇద్దరూ ఒకరి వెనక ఒకరు ఇంటికి నడిచారు. ఆ పూట ఆయన రెండు ముద్దలు తిన్నాడు. అదీ అంజనమ్మ ఏడుస్తుందని.

* * *

చిక్కబళ్ళాపూరు ఆఫీసులో లోకేశ్ చెడ్డవాడేమీ కాదు. పైవాళ్ళు అడుగుతుంటే ఏదో ఒక పేరు చెప్పి పని మళ్ళీ మొదలుపెట్టాలన్నదే అతని తొందర.

"కలపడం పెద్ద పని కాదు," అన్నాడు అందరినీ చూస్తూ. "మధ్యలో ఇంకా తవ్వాల్సింది ఉండాది కాబట్టి ఒక పక్క రాయి చెక్కుకుంటూ పోతే దావకొస్తాది. కానీ తప్పు యాడ జరిగిందో తేలాల కదా. కిశోర్, నీవేమంటావప్పా?"

కిశోర్ లేచి నిలబడ్డాడు. అక్క వైపు చూడలేదు. చూస్తే ఒట్టు గుర్తొస్తుందని కాబోలు.

"సార్, ఒక్క నిమిషం," అంది ప్రతిమ.

ఆమె ల్యాప్‌టాప్‌ను గోడ తెరకు కలిపింది. నీలం గొట్టం, పసుపు గొట్టం ఇంతింత పెద్దవై గోడంతా పరుచుకున్నాయి. తప్పిపోతున్న మూతులు రెండూ అందరికీ కనబడ్డాయి.

"ఇది నేను సాఫ్ట్‌వేర్‌కు ఇచ్చిన పరగోడు రాయి స్థానం. మొన్న సాయంత్రం మూడో రాయి నుంచి కొలిస్తే వచ్చిన స్థానం ఇది." పాత అంకె చెరిపి కొత్త అంకె కొట్టింది. మళ్ళీ లెక్క కట్టమని మీట నొక్కింది.

తెర ఒక్క క్షణం ఆగింది. తర్వాత నీలం గొట్టం మొదలంట కొద్దిగా పక్కకు తిరిగింది. ఎన్నాళ్ళుగానో తిన్నగా పోతోందని తాను అనుకున్న దారి నిజానికి ఎటు పోయిందో అప్పుడు ప్రతిమ కళ్ళారా చూసింది. పసుపు గొట్టం ప్లానులో గీసిన గీత మీదే ఉంది. వంకర పోయింది తనదే.

ఆమె లోకేశ్ వైపు తిరిగింది.

"కిశోర్ వైపు తప్పు లేదు సార్. పరగోడు రాయి కదిలింది."

"ఎవరు కదిపినారు?"

"వానకు నేల కుంగింది. వారం వారం సరిచూడాల్సింది నేను. చూడలేదు."

"నేనడిగేది అది కాదమ్మా. రాయి ఎవరు ముట్టుకున్నారు?"

"నా పేరు పెట్టుకోండి సార్."

లోకేశ్ ఆమెను చాలాసేపు చూశాడు. రాయి ఎవరి చేనులో ఉందో అతనికి తెలుసు. ఆ గదిలో తెలియనివాళ్ళు లేరు.

"సరే," అన్నాడు. "రెండు వైపులా ఇక కిశోరే చూస్తాడు. సొరంగం కలిసేవరకు నువ్వు సైటుకు రావద్దు. ఆమీద చూద్దాం."

ప్రతిమ తల ఊపింది. కొండ లోపల చివరి రాతి తెర పగిలి, ఆ వైపు గాలి ఈ వైపుకు వచ్చే క్షణం కోసం ఆమె ఎంత కాచుకుని ఉందో ఆ గదిలో ఒక్కడికి తెలుసు. అతను బల్ల మీద కళ్ళు పెట్టి కూర్చున్నాడు.

బయటికి వచ్చాక కిశోర్ ఆమె చేతిలోంచి సంచి లాక్కున్నాడు.

"నేను చేస్తానన్న పనే నువ్వు చేసినావు కదక్కా."

"నువ్వు చేసుంటే అంతా అబద్ధం. నేను చెప్పిందాంట్లో సగమన్నా నిజముండాది."

"మిగతా సగం?"

ఆమె బాగేపల్లి బస్సు కోసం చూసింది.

* * *

ఇంటి అరుగు మీద వెంకటరమణప్ప కూర్చుని ఉన్నాడు. అంజనమ్మ తలుపు పక్కన, రవీంద్ర మెట్టు కింద. ముగ్గురూ ఎవరికి వారు వేరే పనిలో ఉన్నట్టు నటిస్తున్నారు.

"ఎవరి పేరు చెప్పినావు?" అన్నాడు మామ.

"నాది మామా."

"ఇంకా?"

"ఇంకెవరిదీ చెప్పలేదు."

"పని?"

"సొరంగం కలిసేవరకు రావద్దన్నారు."

రవీంద్ర గట్టిగా ఊపిరి వదిలాడు. అంజనమ్మ కళ్ళొత్తుకుని, కోడలి తల నిమిరి, కాఫీ పెట్టడానికి లోపలికి పోయింది. గండం గడిచిందని ఇంట్లో అందరూ అనుకున్నారు. వెంకటరమణప్ప మాత్రం తువ్వాలు మడిచి భుజాన వేసుకుని, మళ్ళీ తీసి, మళ్ళీ మడిచాడు.

మరునాడు ఉదయం ఆయన ఇంట్లో లేడు. చేనులోనూ లేడు. రవీంద్ర ఊరంతా తిరిగి పరుగున వచ్చాడు.

"గోవిందప్ప ఇంటి ముందర జగలి మీద కూర్చుని ఉండాడు," అన్నాడు. తాను చెబుతున్నది తానే నమ్మలేనట్టుంది అతని మొహం.

ప్రతిమ పోయేసరికి అక్కడ అప్పుడే నలుగురు చేరారు. గోవిందప్ప నిలబడే ఉన్నాడు. ఇన్నేళ్ళ తర్వాత గడప దాకా వచ్చిన మనిషిని ఎలా పలకరించాలో తెలియక, చేతిలో చెంబు ఇద్దామా వద్దా అన్నట్టు పట్టుకున్నాడు.

"నా కోడలి రాయి నేనే నిలబెట్నా గోవిందప్పా," అంటున్నాడు వెంకటరమణప్ప. అందరికీ వినబడేంత గట్టిగానే అన్నాడు. "నాలుగు వేళ్ళు జరిగింది. ఆ యమ్మ నా పేరు చెప్పకుండా తన పని పోగొట్టుకునింది. మన గట్టు రాయి కూడా ఈ కన్నుతోనే నిలబెట్నా నేను. కొలిపిద్దాం."

"ఇప్పుడేంటికప్పా? నేనెప్పుడో మరిచిపోతి."

"నువ్వు మరిచిపోలేదు."

గోవిందప్ప చెంబు కింద పెట్టాడు. "సరే. మరిచిపోలేదు. ఎవరు కొలుస్తారు?"

"నీకు నమ్మకమున్నోళ్ళను పిలుచుకో. గవర్నమెంటు సర్వే ఇలాఖా వాళ్ళను రప్పిస్తావా, రప్పించు."

గోవిందప్ప ప్రతిమను పైనుంచి కింది దాకా చూశాడు. చిన్నప్పటి నుంచి వెంకటరమణప్ప ఇంటివాళ్ళను నమ్మవద్దని పిల్లలకు నేర్పిన మనిషి ఆయన.

"మా పిల్లోడు మంజునాథ ఆ ఆఫీసు జీపు తోలుతాడు," అన్నాడు నిదానంగా. "నిన్న మీటింగులో ఏం జరిగిందో వచ్చి చెప్పినాడు. తమ్మునిమీద పోతున్న తప్పును ఈ పిల్ల తనమీద వేసుకుని, నాదే వంకర అని గోడమీద అందరికీ చూపించిందంట. ఈ పిల్లే కొలవనీ. ఇంకెవురూ వద్దు."

ప్రతిమ మామను పక్కకు పిలిచింది.

"నా చేత కాదు మామా. తేడా వస్తే?"

"వస్తే ఆ నేల ఆయనది."

"మిమ్మల్ని ఊరు..."

"ఊరు ఏమంటాదో నిన్నంతా కూర్చుని విన్నా అమ్మా, నా తలకాయలోనే. ఇక బయట వింటా."

* * *

ఆదివారం కిశోర్ చింతామణి నుంచి తన సొంత టోటల్ స్టేషన్ బండికి కట్టుకుని వచ్చాడు. కంపెనీ మిషను కాదు, సెలవు రోజుల్లో పొలాలు కొలిచే పాత మిషను. అంజనమ్మ వియ్యపురాలు ఎలా ఉందని అడిగి, బాగుందన్నాక, ఇంకేమీ అడగకుండా అతనికి దోసెలు పెట్టింది. ఇంట్లో ఎవరూ ఎవరి కళ్ళలోకీ చూడలేదు.

సర్వే ఇలాఖా వాళ్ళ పాత రాయి మీద ప్రతిమ మిషను నిలిపింది. నక్షె విప్పి, ఆ పటం ప్రకారం రెండో రాయి చూసింది. ఆగకుండా మూడో రాయి చూసింది. ఆ తర్వాత ఎవరూ అడగకపోయినా మూడింటినీ మళ్ళీ చూసింది. అన్నీ సరిపోయాయి. ఊరు సగం గట్టు మీద నిలబడి ఉంది.

కిశోర్ అద్దం కట్టిన కర్ర తీసుకుపోయి సరిహద్దు రాయి నడినెత్తిన నిలబెట్టాడు.

ఆమె కన్ను ఆనించి, అద్దం దొరికాక, మీట నొక్కింది. తెరమీద నక్షె చెప్పిన చుక్క ఒకటి, రాయి ఉన్న చుక్క ఒకటి, పక్కన అంకె పడ్డాయి. ప్రతిమ అంకె చూసింది. చెయ్యి చీర కొంగుకు తుడుచుకుంది. కర్ర నిటారుగా పట్టుకోమని తమ్ముడికి సైగ చేసి, రెండోసారి కొలిచింది.

అంకె మారలేదు.

గోవిందప్ప ఆమె మొహాన్నే చూస్తున్నాడు. రవీంద్ర వచ్చి తండ్రి వెనక నిలబడ్డాడు. వెంకటరమణప్ప చెప్పులు విడిచి, గట్టు దిగి, కోడలి దగ్గరికి నడిచి వచ్చాడు.

"మామా," అంది ప్రతిమ, పెదవులు కదిలీ కదలకుండా.

ఆయన తెర వైపు కన్నెత్తలేదు.

"నాకు కాదమ్మా. ముందు గోవిందప్పకు చెప్పు."

ప్రతిమ తెరను అటు తిప్పింది.